జూడిత్ వీర్ బృందగీతములు: ఒక పరిశీలనము

కర్ణాటక సంగీతమున నొక్క గళమునకే ప్రాధాన్యము. పల్లవి విస్తరించుటయు, సంగతులు పెరుగుటయు, మనోధర్మము వెలువడుటయు ఒక్క గాయకుని కంఠమునందే జరుగును. పలువురు కూడి పాడునప్పుడు సైతము అందరును ఒకే స్వరమును పట్టుదురు. భజనగోష్ఠియందును, తిరువైయారులో త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలను వందలాది విద్వాంసులు ఏకకంఠముగా పాడునప్పుడును ఇదియే పద్ధతి. ఐరోపా బృందగానము దీనికి భిన్నమైనది. అందు కంఠములను స్థాయిని బట్టి నాలుగు తెగలుగా విభజింతురు. స్త్రీలుగాని బాలురుగాని పాడు తారస్థాయికి సొప్రానో అనియు, దానికి దిగువనున్నదానికి ఆల్టో అనియు, పురుషుల హెచ్చుస్థాయికి టెనార్ అనియు, మంద్రమునకు బాస్ అనియు పేర్లు. ఈ నాలుగు తెగలవారును ఒకే కాలమున వేర్వేరు స్వరములను పాడగా, అవి ఒండొంటితో కలిసి పుట్టించు నాదమే బృందగీతము. ఒక పంక్తిని విన్నంతమాత్రమున గీతమును విన్నట్లు కాదు. నాలుగు పంక్తుల పొందికయే గీతము. కావున నిట్టి రచన చేయువారికి స్వరజ్ఞానముతోపాటు, ఏ కంఠ మెప్పుడు పలుకవలయును, ఏ కంఠ మెప్పుడు మౌనము వహింపవలయును అను విచక్షణ మిక్కిలి ముఖ్యము.

ఇప్పటి బ్రిటిష్ స్వరకర్తలలో ఈ విచక్షణకు పేరుగన్నవారిలో జూడిత్ వీర్ ఒకతె. ఆమె 1954లో కేంబ్రిడ్జి నగరమున జన్మించెను. తల్లిదండ్రులు స్కాట్లండులోని అబర్డీన్ ప్రాంతమువారు. బాల్యమున ఓబో వాద్యమును అభ్యసించి, జాతీయ యువ వాద్యబృందమున వాయించెను. లండనులో పాఠశాలయందుండగనే స్వరకర్త జాన్ టావెనర్ వద్ద రచనాపాఠములు నేర్చుకొనెను. తరువాత కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో రాబిన్ హాలొవే శిష్యురాలై 1976లో చదువు ముగించెను. ఆమెకు తొలి కీర్తి తెచ్చినది 1979 నాటి ‘కింగ్ హెరాల్డ్స్ సాగా’. అందు వాద్యములు లేవు. ఒక్క సొప్రానో గాయని ఎనిమిది పాత్రలను పాడును. ఆ పాత్రలకు తోడు నార్వే సైన్యము సమస్తమును ఆమెయే! పావుగంట నిండని ఆ సంగీతరూపకము వీర్ స్వభావమును మొదటనే వెల్లడించినది. కథయనిన ప్రీతి, మితభాషిత్వము, గంభీర విషయమును చిరునవ్వుతో చెప్పగల ధైర్యము ఆ స్వభావమునకు మూలములు. ఆ రూపకమున ఒక కంఠము సైన్య మగును. బృందగీతములలో పలు కంఠములు ఒక్క మనస్సగును. ఈ రెండును ఒకే ప్రతిభకు రెండు ముఖములు.

వీర్ బృందగీతములను విచారించుటకు ముందు అవి పాడబడు స్థానమును గుర్తింపవలయును. ఇంగ్లండులోని కేథడ్రల్ దేవాలయములలోను, ప్రాచీన కళాశాలల ప్రార్థనామందిరములలోను గాయకబృందములు అనేక శతాబ్దములుగా నున్నవి. వానియందు తారస్థాయిని పాడువారు బాలురు, తక్కిన స్థాయిలను పాడువారు పురుషులు. స్త్రీలకు అందు తావు లేకుండెను. శాసనముచేత కన్న ఆచారముచేతనే ఆ కట్టుబాటు బలపడినది. కింగ్స్ కళాశాల 1972లో స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనుట కారంభించెను. ఆ తొలి తరముతో వీర్ అచట చదివెను. కళాశాల తలుపు ఆమెకు తెరువబడినది. కాని ఆ కళాశాలకు ప్రపంచఖ్యాతి తెచ్చిన గాయకబృందమున ఆమె నిలిచి పాడుటకు వీలు లేదు. ఆమె బృందగీతచరిత్ర ఈ వైచిత్రితోనే మొదలగుచున్నది.

కింగ్స్ మందిరమున క్రిస్మసు ముందునాటి సాయంకాలము తొమ్మిది పఠనములతోను గీతములతోను జరుగు ప్రార్థన 1918లో ప్రారంభమైనది. 1928లో మొదటిసారి రేడియోలో ప్రసారమైనది. 1982లో గాయకబృందమునకు నాయకుడైన స్టీఫెన్ క్లియోబరీ ఏటేట నొక క్రొత్త గీతమును వ్రాయించు సంప్రదాయమును నెలకొల్పెను. మొదట లెనాక్స్ బర్క్లీ, పిమ్మట పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ వ్రాసిరి. 1985లో ఆ వంతు వీర్‌కు వచ్చినది. ఆ వరుసలో ఆమెయే తొలి స్త్రీ. అప్పు డామె వ్రాసిన ‘ఇల్యూమినారే యెరూషలేము’ నేడు బ్రిటనులోనేగాక పలు దేశముల గాయకబృందములు పాడు గీతము. తాను పాడజాలని బృందమునకు పాటనిచ్చి, ఆ పాటచేత ఆ బృందపు కీర్తిని పెంచుట సామాన్యమైన విషయము కాదు.

ఆ గీతపు మాతువు పదునైదు, పదునారవ శతాబ్దముల నాటి స్కాట్ భాషలోనిది. ఎడింబరోలో ప్లేగు వ్యాపించియున్న 1568లో జార్జి బన్నటైన్ అను నతడు తన భాషలోని కవిత్వమును వ్రాసిపెట్టిన ప్రతియందు అది నిలిచినది. క్రీస్తు జననమున యెరూషలేము వెలుగుతో నిండవలయునని అందలి భావము. ప్రతి చరణాంతమునను లాటిన్ పల్లవి తిరిగివచ్చును. వీర్ ఈ మాతువునకు కూర్చిన ధాతువు నిడివిలో చిన్నది, పనిలో గొప్పది. కంఠములు మెల్లగా, దగ్గర దగ్గర స్వరములపై, ఊరివారు వినిన వార్తను ఒకరి చెవిలో నొకరు చెప్పుకొనునట్లు మొదలిడును. ఆర్గన్ చాలవరకు మౌనముగా నుండి, పల్లవి వచ్చినప్పుడు మాత్రము అడుగుననుండి మంద్రస్వరముతో లేచును. ఇతరులు ఆర్గన్‌ను గీతపు పొడవునను పరచియుందురు. వీర్ దానిని దాచి యుంచి, వెలుగు అను మాట వచ్చు తావునకే మిగిల్చినది. వాద్యము మ్రోగిన క్షణముకన్న అది మ్రోగకున్న కాలమే వినువారిని సిద్ధపరచుచున్నది. దీపమును గూర్చి చెప్పుటకు చీకటిని నిలుపుట వంటిది ఈ పని.

ఈ గీతమునందలి భాషను గూర్చి వేరుగ చెప్పవలసి యున్నది. నాలుగు శతాబ్దములకు పూర్వపు స్కాట్ భాష ఇంగ్లీషునకు చుట్టమే గాని ఇంగ్లీషు కాదు. కేంబ్రిడ్జి బాలురకు అందలి మాటలు క్రొత్తవి. ఉచ్చారణమును వారు నేర్చి పాడవలసినదే. వీర్ దానిని నేటి యింగ్లీషులోనికి మార్చుట సులభమై యుండెను. ఆమె మార్చలేదు. తలిదండ్రుల ప్రాంతపు పాతభాషను ఇంగ్లండు నడిగడ్డపై, లోకమంతయు వినుచున్న సాయంకాలమున, యథాతథముగా పాడించెను. ఆ భాషయందలి హల్లుల బిరుసుదనమే ఆ గీతపు లయకు ఆధారమైనది. పాట భాషను కాపాడునను సత్యము తెలుగునాటికి వెలుపల తరతరములుగా నున్న తెలుగువారికి క్రొత్తగా బోధింప నక్కరలేదు. కావేరీతీరమున త్యాగరాజస్వామి తెలుగు నిలిచినది గ్రంథాలయములలో గాదు. తమిళము, కన్నడము మాతృభాషలుగా గల గాయకుల నాలుకలపై. భావమును మాత్రమే గ్రహించి భాషను విడిచినచో ఆ కీర్తనల స్వరూపము చెడును. బన్నటైన్ ప్రతిలోని మాటలకు వీర్ ఇచ్చిన గౌరవ మట్టిదే.

దీనికి రెండేండ్లు ముందుగా, 1983లో, సెయింట్ ఆల్బన్స్ ఆర్గన్ ఉత్సవమునకై ఆమె ‘అసెండింగ్ ఇంటు హెవెన్’ రచించెను. పదునొకండు, పండ్రెండవ శతాబ్దములలో జీవించిన ఫ్రెంచి మతాచార్యుడు హిల్డెబెర్ట్ స్వర్గపురమును వర్ణించిన లాటిన్ కవిత దీనికి ఆధారము. ఆరోహణ మనునది ఇందు కేవలము భావము కాదు, గమనము గూడ. ధ్వని మెట్టు మెట్టుగా పైకెక్కును. ‘ఇల్యూమినారే’ కన్న ఇది విశాలమైనది, కొంత వాచాలమైనది. వర్ణనయందలి సంతోషము కొన్ని తావుల నిర్మాణమును మించినదని చెప్పక తప్పదు. రెంటిని వరుసగా వినువారికి ఆ రెండేండ్లలో వీర్ ఏమి విడువ నేర్చెనో స్పష్టమగును.

1988 నాటి ‘మిస్సా దెల్ సీద్’ ఆమె బృందరచనలలో మిక్కిలి సాహసోపేతమైనది. మాస్ అను లాటిన్ పూజావిధికి స్వరము కూర్చుట ఐరోపాలో ప్రాచీన సంప్రదాయము. ఆ విధియందలి వాక్యములను, స్పెయిన్ దేశపు వీరుడు సీద్ యుద్ధములను వర్ణించు మధ్యయుగ కావ్యముతో వీర్ పెనవేసినది. ఒక కథకుడు వృత్తాంతమును చెప్పుచుండగా, వాద్యసాహాయ్యము లేని గాయకబృందము దయను వేడు ప్రార్థనలను, మూరులపై సాగిన దండయాత్రను కలిపి పాడును. వినువాని చెవిలో ప్రార్థనయు రణఘోషయు ఒకే నాదమై చేరును. రచయిత్రి ఎచటను నిందావాక్యము పలుకదు, ధర్మోపదేశము చేయదు. దేవుని పేర కత్తి దూయువాని కంఠస్వరము, దేవుని పాదములపై బడువాని కంఠస్వరము వేరువేరుగా నుండవని వినిపించి ఊరకుండును. మతము పేర జరిగిన యుద్ధములను గూర్చి దీర్ఘోపన్యాసములు చేయలేని పనిని ఆ మౌనము చేయుచున్నది. వీర్ రచనలలో హాస్యము కలదని పలువురు చెప్పుదురు. ఆ హాస్యము లోపల ఎంత కఠినమైన న్యాయము కలదో ఈ కృతి చూపుచున్నది.

తరువాతి దశాబ్దమున ఆమె రచనలు సరళతవైపు నడచినవి. అబర్డీన్ విశ్వవిద్యాలయము స్థాపితమై 500 ఏండ్లు నిండిన 1995లో రచించిన ‘టూ హ్యూమన్ హిమ్స్’ పదునేడవ శతాబ్దపు కవులు జార్జి హెర్బర్ట్, హెన్రీ కింగ్‌ల కవితలకు స్వరములు. ప్రేమను గూర్చినది యొకటి, మానవజీవితపు క్షణికతను గూర్చినది మరియొకటి. 1997 నాటి ‘మై గార్డియన్ ఏంజెల్’ వినవచ్చినవారు గూడ గాయకబృందముతో గొంతు కలుపుటకు వీలుగా కూర్చబడినది. పాడువారికిని వినువారికిని నడుమ గోడ లేని యిట్టి గీతము భజనగోష్ఠి నెరిగినవారికి మిక్కిలి దగ్గరగా దోచును. 1999 నాటి ‘ఆల్ ది ఎండ్స్ ఆఫ్ ది ఎర్త్’ పారిస్ నగరమున పండ్రెండవ శతాబ్దాంతమున నాలుగు కంఠముల రచన చేసిన పెరొటాన్ కృతిపై నిర్మింపబడినది. పూర్వుల నిర్మాణముపై తన గదిని కట్టుకొనుట ఆమెకు ఇష్టమైన పని. 2009 నాటి ‘148వ కీర్తన’యందు గాయకబృందమునకు తోడు ఒక్క ట్రాంబోన్ మాత్రమే. ఉన్నదానితో సరిపెట్టుకొనుట గాక, తక్కువయే అందమగునట్లు చేయుట ఇందలి విశేషము.

ఇట్టి మితభాషిణి పెద్ద కథను చేపట్టినచో ఏమగునను ప్రశ్నకు 2017 ఆగస్టులో సమాధానము దొరకినది. బి.బి.సి. ప్రామ్స్ ఉత్సవమున, లండనులోని సదర్క్ కేథడ్రల్‌యందు, డేవిడ్ హిల్ నాయకత్వమున బి.బి.సి. గాయకబృందము ‘ఇన్ ది లాండ్ ఆఫ్ ఊజ్’ను తొలిసారి పాడెను. బైబిలులోని యోబు గ్రంథము దీని కాధారము. నలువదిరెండధ్యాయముల గ్రంథమున సింహభాగము వాదప్రతివాదము. సంగీతమునకు అంతగా లొంగని వస్తువు. వీర్ దానిని ఒక సాయంకాలపు సభలో నిముడునంతగా కుదించినది. యోబు పాత్ర నొక టెనార్ గాయకుడు వహింపగా, బృందము ఆతని చుట్టును నిలిచి కథను నడుపును; వాద్యములు కొద్దిమాత్రమే. నిర్దోషి యెందుకు బాధపడవలయునను ప్రశ్న హరిశ్చంద్రుని కథ విని పెరిగినవారికి అపరిచితము కాదు. కాని హరిశ్చంద్రుడు సహించును, యోబు అడుగును. ఆ అడుగుటయే ఈ కృతికి ప్రాణము. గాయకుడొకడు, ఆతనికెదురుగా పలువురు: ఈ అమరికయే ఏకాకియైన మానవుని స్థితిని మాట లేకయే చెప్పుచున్నది. విస్తారమైన వస్తువునకు ఈ క్లుప్తత కొన్ని తావుల చాలలేదు. యోబు దుఃఖమున వినువాడు మునుగబోవు క్షణముననే కథ ముందునకు సాగిపోవును. అయినను, సానుభూతిని యాచింపని దుఃఖమునకు ఒక గౌరవము కలదు. ఆ గౌరవము దీనికి దక్కినది.

వీర్ 2014లో బ్రిటిష్ రాజాస్థానమున సంగీతాచార్య పదవికి నియుక్తురాలయ్యెను. మొదటి చార్లెస్ రాజు కాలమున, పదునేడవ శతాబ్దమున ఏర్పడిన ఆ పదవిని అధిష్ఠించిన తొలి స్త్రీ ఆమె. పదేండ్ల పిమ్మట, 2024లో, ఆ పదవి బెలీజ్‌లో జన్మించిన ఎరాలిన్ వాలెన్ అను మరియొక స్త్రీకి సంక్రమించినది. ఆస్థానపదవి కళాకారునకు ప్రమాదకరము. సమయమునకు తగిన స్తుతి వ్రాయు అలవాటు ప్రతిభను తినివేయును. వీర్ ఆ కాలమున చిన్న గీతములు పెక్కు వ్రాసెను. వానిలో కొన్ని సందర్భముతోడనే చెల్లిపోయినవి. ఒకటి మాత్రము నిలిచినది.

అది 2022 సెప్టెంబరు 19న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో జరిగిన ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకై వ్రాసిన ‘లైక్ యాజ్ ది హార్ట్’. దప్పిగొన్న దుప్పిని దైవమును వెదకు జీవునితో పోల్చు 42వ కీర్తన దీని మాతువు. ఇదే కీర్తనకు హెర్బర్ట్ హవెల్స్ 1941లో ఆర్గన్‌తో కూర్చిన ధాతువు ఇంగ్లండులోని ప్రతి గాయకబృందమునకును కంఠస్థము. అట్టిదాని పిమ్మట మరల అదే మాతువును తీసికొనుట, ప్రసిద్ధకీర్తనకు క్రొత్త వరుస కట్టుటవలె సాహసము. వీర్ హవెల్స్‌తో పోటీపడలేదు. వాద్యమును పూర్తిగా విడిచెను. కంఠములను శాంతముగా నడపెను. లోకమంతయు చూచుచున్న సభలో వైభవమునకు బదులు ఏకాంతమును వినిపించెను. రాణి చనిపోయినదన్న మాట కన్న ఒక ప్రాణి దప్పిగొన్నదన్న మాటయే ముఖ్యమైనది. రాజుల కొరకు వ్రాసిన గీతము సామాన్యుని మరణమునకును పనికివచ్చినప్పుడే అది రాజస్తుతి స్థాయిని దాటినదనవలయును. ఈ గీత మా పరీక్షకు నిలుచును.

కాని స్త్రీ పరలోకయాత్రకై స్త్రీ వ్రాసిన ఆ గీతమునందు తారస్థాయిని పాడినవారు బాలురే. 1985 నాటి వైచిత్రి ముప్పదియేడేండ్లకును పూర్తిగా పోలేదు. ఎడింబరోలోని సెయింట్ మేరీస్ కేథడ్రల్ 1978లోను, ఇంగ్లండులోని సాల్స్‌బరీ కేథడ్రల్ 1991లోను బాలికలకు తలుపు తెరచినవి. ఇతర కేథడ్రళ్లు క్రమముగా ననుసరించినవి. 2023 మే 6న జరిగిన మూడవ చార్లెస్ పట్టాభిషేకమున బాలికలును బాలురతో కలిసి పాడిరి. వీర్ 2018లో మరల కింగ్స్ క్రిస్మసు ప్రార్థనకు చెల్లో వాద్యముతో ‘ఓ మెర్సీ డివైన్’ వ్రాసినప్పుడును అచటి బృందమున బాలురు, పురుషులు మాత్రమే యుండిరి.

ఈ విషయమున ఇంగ్లండును మాత్రమే వేలెత్తి చూపుట న్యాయము కాదు. దేవగిరి యాదవుల కొలువున పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము ఉత్తమబృందమునందు పండ్రెండుగురు గాయనులుండవలయునని విధించినది. అట్టి శాస్త్రమును గల దేశముననే తిరువైయారు ఆరాధనలో స్త్రీలు పాడుటకు అవకాశము లేకపోయెను. బెంగుళూరు నాగరత్నమ్మ తన ధనమును వెచ్చించి త్యాగరాజస్వామి సమాధిమందిరమును కట్టించి, స్త్రీలకై వేరుగ ఆరాధన జరిపించినది. 1940 ప్రాంతమున పక్షములు ఒకటై స్త్రీలకు స్థానము లభించినది. నాగరత్నమ్మ పోరాడి గెలిచినది. వీర్ పోరాటమును ప్రకటింపక, కాదనరాని గీతములను వ్రాసి గెలిచినది. పద్ధతులు వేరు. గీతము ప్రవేశించిన చోటికి గాయని నేడో రేపో ప్రవేశింపక మానదు.

వీర్ రచనలపై చెప్పబడు ప్రధానమైన ఆక్షేపము ఒకటి కలదు: ఆమె సంగీతము చల్లనిది, హృదయమును తెరచి చూపదు అని. ఈ ఆక్షేపమున సగము సత్యము. ఆమె గీతములు విన్నవెంటనే కన్నీరు తెప్పించునవి కావు. పరవశింపజేయు దీర్ఘనాదములను ఈ కాలపు శ్రోతలు బృందగీతములనుండి ఆశింతురు. అవి ఇచట దొరకవు. కొన్ని గీతములు ఇపుడిపుడే మొదలైనవనునంతలో ముగిసిపోవును. ఆ ముగింపు పొదుపో, పిసినితనమో చెప్పుట కష్టము. కాని తక్కిన సగము ఆక్షేపము నిలువదు. ఆమె హృదయము స్వరమున గాక మాతువును ఎన్నుకొనుటయందు, దానిని చెడనీయక నిలుపుటయందు ఉన్నది. పరుల మాటను తన పాటలో వినబడునట్లు చేయుట కూడ ప్రేమయే.

చివరగా, ఈ కళ నిలుచుటకు కర్త యొక్కతె చాలదు. 1924లో ఏర్పడి ఊజు దేశపు కథను తొలుత పాడిన బి.బి.సి. గాయకబృందమును మూసివేయుదుమని 2023 మార్చిలో ప్రకటన వెలువడినది. సంగీతలోకము ఒక్కుమ్మడిగా నెదిరించుటచే ఆ నెలలోనే ఆ నిర్ణయము ఆగినది. పాడువారు చెదరినచో పుస్తకమునందలి నాలుగు పంక్తులు నాలుగు గీతలే. సంఘముగా నిలిచి తమ భాషలో పాడుకొను ప్రతి చిన్న సమాజమునకును ఇది వర్తించును. ఒక్కొక్కరు తమ తమ స్వరమును పట్టి, పొరుగువాని స్వరమును విని, ఇద్దరి నడుమ నొక మూడవ నాదము పుట్టునట్లు నిలుచుటయే బృందగానము. జూడిత్ వీర్ గీతములు ఆ వినుటను నేర్పునట్టివి. ఆమె పేరు నిలుచుటకు పదవులు గాక ఇదియే కారణము కాగలదు.